ఆగిపోయిన పల్లెవెలుగు బస్సును మళ్ళీ వేయించడం ఎలా?

ప్రశ్న: తెలంగాణలోని ఊరు, మండల కేంద్రానికి 14 కిలోమీటర్లు. కాలేజీ పిల్లలకు షేర్ ఆటో రానూపోనూ 80 రూపాయలు. బస్సు కోసం అర్జీ ఎవరికి, ఎలా రాయాలి?

జవాబు 1: డిపో మేనేజర్‌కు ఇవ్వండి. గ్రామపంచాయతీ తీర్మానం నకలు జత చేయండి. ఊరికే "బస్సు కావాలి" అంటే సరిపోదండీ. ఏ స్టాపులో, ఏ టైముకు, ఎంతమంది ఎక్కుతారు, అందులో పాసు పిల్లలెందరు అన్నది లెక్కతో రాయాలి. డిపో వాళ్ళు చూసేది కిలోమీటరుకు వచ్చే ఆదాయం, ఆక్యుపెన్సీ (అంటే సీట్లు ఎంతవరకు నిండుతున్నాయన్నది). కొత్త సర్వీసు కన్నా, పక్క ఊరిదాకా వచ్చి తిరిగిపోయే బస్సును పొడిగించమని అడగడం మేలు. దానికి వేరే బండి అక్కర్లేదు, అదనంగా పడేది ఆ నాలుగైదు కిలోమీటర్ల డీజిలే.

జవాబు 2: అన్నా, రోడ్డు కూడా చూసుకోండి. ఊరి చివర బస్సు తిరిగే జాగా ఉండాలి, అడ్డొచ్చే కొమ్మలు ముందే కొట్టించాలి. బస్సు వేసే ముందు దారి చూడటానికి చేసే రూట్ సర్వేలో అవి చూస్తారు.

జవాబు 3: బస్సు వచ్చాక నిలబెట్టుకోవడమే అసలు కష్టం. బస్సుకు ఐదు నిమిషాల ముందు ఆటో జనాన్ని ఎత్తుకుపోతే ట్రిప్పు ఖాళీ, నెలల్లో రద్దు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద ఆడవాళ్ళకు ఉచితం కదా, వాళ్ళూ గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ (డబ్బు కట్టక్కర్లేని టికెట్) తప్పక తీసుకోవాలి. టికెట్ లేని ప్రయాణం లెక్కకెక్కదు.