‘కాల్ ఇట్ ఎ డే’, ‘కాల్ ఇట్ క్విట్స్’: రెండూ ఒకటేనా?

ప్రశ్న (మధురవాడ నుంచి):
నేను రుషికొండలోని ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో పనిచేస్తున్నాను. అమెరికా క్లయింట్లతో మాకు రాత్రివేళ సమావేశాలు జరుగుతుంటాయి. మొన్న మా బృందంలో ఒకరు ముగించబోతూ ‘లెట్స్ కాల్ ఇట్ క్విట్స్’ అనగానే, అవతలివారు ఒక్క క్షణం ఆగి, ప్రాజెక్టులో ఏమైనా ఇబ్బంది వచ్చిందా అని అడిగారు. ‘కాల్ ఇట్ ఎ డే’ అన్నా ఆపేద్దామనే కదా. మరి ఈ రెండింటికీ తేడా ఎక్కడుంది, ‘త్రో ఇన్ ది టవల్’ వీటిలో దేనికి దగ్గర?

జవాబు (ఎం.వి.పి. కాలనీ, ఆంగ్ల అధ్యాపకురాలు):
ఏది ఆగుతోందో గమనిస్తే తేడా తెలుస్తుంది. ‘కాల్ ఇట్ ఎ డే’ అంటే ఇవాల్టికి చాలు, మిగిలింది తర్వాత చూసుకుందామని. పని పూర్తయినా, సగంలో ఉన్నా ఆ మాట చెల్లుతుంది, అందులో నిష్ఠూరమేమీ ఉండదు. ‘కాల్ ఇట్ క్విట్స్’ అంటే మాత్రం సాధారణంగా ఆ వ్యవహారమే ముగిసినట్టు. వ్యాపార భాగస్వాములు విడిపోయినా, దంపతులు తెగతెంపులు చేసుకున్నా ఆ మాటే వాడతారు. ‘క్విట్స్’కు బాకీ తీరిందన్న అర్థం కూడా ఉంది: నిన్న కాఫీకి మీరిచ్చి, ఇవాళ ఆటోకు నేనిస్తే ‘వియ్ ఆర్ క్విట్స్’ అనవచ్చు, అంటే చెల్లుకు చెల్లు. లెక్క తేల్చుకుని వెళ్ళిపోతామన్నట్టు మీ క్లయింట్లకు వినిపించి ఉంటుంది.

జవాబు (గాజువాక):
ఒక చిన్న చేర్పు. క్రీడల పుటలో ఒక సీనియర్ ఆటగాడు ‘కాల్డ్ ఇట్ ఎ డే’ అని రాశారంటే, అతడు ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాడని అనుకోకూడదు, ఆటకే వీడ్కోలు చెప్పాడని గ్రహించాలి. కాబట్టి ఆ మాటకు శాశ్వతమైన ముగింపు కూడా చెల్లుతుంది, కాకపోతే హుందాగా తప్పుకున్న ధ్వని ఉంటుంది. ‘త్రో ఇన్ ది టవల్’లో ఆ హుందాతనం లేదు. బాక్సింగ్‌లో తన బాక్సరు ఇక దెబ్బలకు తట్టుకోలేడని తోచినప్పుడు, శిక్షకుడు రింగులోకి తువ్వాలు విసిరి ఓటమి ఒప్పుకునే ఆనవాయితీ నుంచి వచ్చిన మాట అది. మన ‘చేతులెత్తేయడం’ దానికి సరిగ్గా సరిపోతుంది. క్లయింటు ముందు పొరపాటున కూడా అనవద్దు.

ప్రశ్న అడిగినవారు:
సమావేశం మధ్యాహ్నమే ముగిసి, ఆ తర్వాత వేరే పనులున్నప్పుడు ‘కాల్ ఇట్ ఎ డే’ అనవచ్చా?

జవాబు (ఎం.వి.పి. కాలనీ):
అనకపోవడమే మేలు, ఆ రోజు పనంతా కట్టిపెడుతున్నట్టు ధ్వనిస్తుంది. ‘లెట్స్ ర్యాప్ అప్’ అంటే సమావేశం వరకే ముగించినట్టు. రాత్రి పొద్దుపోయాక ‘లెట్స్ కాల్ ఇట్ ఎ నైట్’ అనే రూపమూ ఉంది గాని, మీకు రాత్రి పది దాటే వేళకు అమెరికాలో పగలే కాబట్టి, మీ నిద్రమత్తును వాళ్ళ మీద రుద్దినట్టవుతుందేమో చూసుకోండి.