ఫిల్టర్ ఫ్యాక్టర్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న అడిగినవారు:
ఫిల్మ్ కెమెరా కొత్తగా పట్టుకున్నవాళ్ల కోసం తెలుగులో ఓ చిన్న పాఠం రాస్తున్నాను. లెన్స్ ముందు రంగు ఫిల్టర్ బిగిస్తే అది కొంత వెలుగును మింగేస్తుంది, ఆ మేరకు ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద పడనిచ్చే వెలుగు) పెంచాలి. ఎంత పెంచాలో చెప్పే అంకె ఫిల్టర్ ఫ్యాక్టర్. దీన్ని ‘వడపోత కారణాంకం’ అని రాశాను. చదివిన స్నేహితుడు నవ్వాడు, ఎందుకో చెప్పలేదు. మీరైనా చెప్పండి.

లెక్కల మాస్టారు:
నవ్వాడంటే నవ్వడా మరి! కారణాంకం అంటే ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించేది. 12కి 3 కారణాంకం. ముదురు పసుపు ఫిల్టర్ ఫ్యాక్టర్ 2.5 ఉంటుంది, అది దేన్ని భాగిస్తుందండీ? మీకు కావాల్సింది ‘గుణకం’. ఇంగ్లీషులో రెండు చోట్లా ఫ్యాక్టర్ అనడంతో వచ్చిన తంటా ఇది.

ఫిల్మ్ పిచ్చివాడు:
గుణకం బాగుంది మాస్టారూ, పాఠంలో పెట్టొచ్చు. కానీ ట్రైపాడ్ పక్కన నిలబడ్డవాడు గుణకం ఎంత అని అడగడు. ‘ఎన్ని రెట్లు’ అంటాడు, లేదా ‘ఎన్ని స్టాపులు’ అంటాడు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). అసలు గొడవంతా ఈ రెండింటి మధ్యే. నా అనుభవం చెబుతా. చేతి మీటర్‌తో వెలుగు కొలిచి ఫొటో తీసే రోజుల్లో ఎర్ర ఫిల్టర్‌కి ‘మూడు’ అని మాత్రం గుర్తుంది. మూడు రెట్లు కాబోలనుకుని షట్టర్‌ని 1/250 సెకను నుంచి 1/60కి దించి, కాస్త ఎక్కువే ఇచ్చాలే అని మురిసిపోయాను. నిజానికది 3 స్టాపులు, అంటే 8 రెట్లు, అంటే 1/30. నెగెటివ్ కడిగి చూస్తే మబ్బులు అద్భుతం, చెట్ల నీడల్లో మాత్రం ఏమీ లేదు. నీడల్లో పడేది ఎక్కువగా ఆకాశపు నీలి వెలుగు, దాన్ని ఎర్ర ఫిల్టర్ ముందే ఆపేసింది. పైన నా తప్పులెక్క తోడైంది.

అప్పటినుంచి నేను స్టాప్‌ని ‘మెట్టు’ అంటున్నాను. రెట్లు, మెట్లు. ప్రాస కుదిరింది కాబట్టి రెండూ జంటగా గుర్తుంటాయి. కాగితం మడిచి చూడండి: ఒక మడతకు 2 పొరలు, రెండు మడతలకు 4, మూడింటికి 8. మడతలు మెట్లు, పొరలు రెట్లు. ఫిల్టర్ మీద ఫిల్టర్ వేస్తే రెట్లను గుణించాలి, మెట్లను కూడాలి. 2 రెట్ల పసుపు ఫిల్టర్ మీద 4 రెట్ల పోలరైజర్ వేస్తే 8 రెట్లు, 6 కాదు. మెట్లలో అయితే ఒకటీ రెండూ మూడు, అంతే.

పాత మాటల ప్రేమికురాలు:
ఈ మెట్టుకు మనకు సొంత మాటే ఉందండీ: ఇనుమడి. ఇనుమడి అంటే రెండింతలు, ముమ్మడి అంటే మూడింతలు. ఇప్పుడు ‘ఉత్సాహం ఇనుమడించింది’ అంటే ఏదో పెరిగిందని సరిపెట్టుకుంటాం గానీ, అసలు అర్థం రెట్టింపైందనే. మెట్టెక్కిన ప్రతిసారీ వెలుగు ఇనుమడించాలి, అదే కదా స్టాపంటే?

లెక్కల మాస్టారు:
మాట ముచ్చటగా ఉంది, కానీ మూడు ఇనుమళ్లు అంటే ఎవరికీ ఎక్కదు. మెట్టే నయం. ఇంకో సంగతి, ‘8 రెట్లు ఎక్కువ’ అని మాత్రం రాయకండి. ఒక రెట్టు పెంచు అంటే రెట్టింపు చెయ్యమని వాడుక. ఆ లెక్కన 8 రెట్లు ఎక్కువంటే 9 అవుతుందని పేచీ పెట్టేవాళ్లుంటారు, నాలాంటివాళ్లు. ‘8 రెట్లు ఇవ్వాలి’ అనండి, పేచీ ఉండదు.

కొత్త సభ్యుడు:
మా కెమెరాలో మీటర్ లెన్స్‌లోంచే కొలుస్తుంది. నేనూ ఈ రెట్లు కట్టాలా?

ఫిల్మ్ పిచ్చివాడు:
అక్కర్లేదండీ. ఫిల్టర్ దాటి వచ్చిన వెలుగునే అది కొలిచింది. మళ్లీ మీరు కలిపితే ఒకే పన్ను రెండుసార్లు కట్టినట్టు. ముదురు ఎరుపు దగ్గర మాత్రం జాగ్రత్త, మీటర్ ఎరుపును చూసే తీరు, ఫిల్మ్ చూసే తీరు ఒకటి కాకపోవచ్చు. ఫిల్టర్ తీసి ఓసారి కొలిచి, 3 మెట్లు కలిపి, రెండూ పోల్చి చూసుకోండి. ఇది పగటి వెలుగు మాట. పాతరకం టంగ్‌స్టన్ బల్బు కింద ఎర్ర ఫిల్టర్ రెట్లు తగ్గుతాయి, ఆ వెలుగులోనే ఎరుపు ఎక్కువ మరి.

అన్నట్టు ‘పెంచు’తోనూ చిక్కే. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం) ఎఫ్ 8 నుంచి 5.6కి వస్తే అంకె తగ్గింది, వెలుగు పెరిగింది. పాఠంలో ‘ఎపర్చర్ ఒక మెట్టు తెరవండి’ అని రాయండి.

ప్రశ్న అడిగినవారు:
వడపోత తీసేసి ఫిల్టర్ అనే ఉంచాను. వడపోతంటే చెత్త తీసేయడంలా ఉంది, ఇక్కడ ఆగేది నిక్షేపంలాంటి వెలుగు. పాఠంలో వాక్యం ఇలా మార్చాను: ‘ఫిల్టర్ గుణకం 8 అయితే 8 రెట్లు వెలుగు ఇవ్వాలి, అంటే 3 మెట్లు తెరవాలి.’ మరి మాస్టారు చెప్పిన ఆ రెండున్నరకు ఎన్ని మెట్లు?

లెక్కల మాస్టారు:
ఒకటీ మూడోవంతు. సంవర్గమానాలు తీస్తే వచ్చేస్తుంది.

ఫిల్మ్ పిచ్చివాడు:
తియ్యక్కర్లేదు. చేతి మీటర్‌లో ఐఎస్‌ఓ (వెలుగుకు ఫిల్మ్ ఎంత చురుకో చెప్పే అంకె) 400 బదులు 160 పెట్టండి, 400ని రెండున్నరతో భాగించినట్టే. ఫిల్టర్ తీసేశాక మళ్లీ 400కి మార్చడం మర్చిపోకండి. నేను మర్చిపోయాను, ఆ కథ ఇంకోసారి.