ఆగస్టులో పెద్దవాళ్లతో ఇటలీ: టస్కనీ పల్లెలో విల్లానా, అమాల్ఫీ తీరంలోనా?

గోదారి_రెడింగ్
మేం ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటాం. ఈ వేసవిలో అమ్మానాన్న, అత్తగారు, బావగారి కుటుంబం రాజమండ్రి నుంచి వస్తున్నారు. మాకు నాలుగేళ్ల పాప. అందరం కలిసి ఆగస్టులో ఓ వారం ఇటలీలో విల్లా తీసుకుందామని ఆలోచన. మా ఆవిడ దక్షిణాన ఉన్న అమాల్ఫీ సముద్రతీరం అంటోంది, నేను ఫ్లోరెన్స్ చుట్టుపక్కల పల్లెప్రాంతం, టస్కనీ అంటున్నా. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నగారికి షుగరు. ఇంట్లో తేలడం లేదు. వెళ్లొచ్చినవాళ్లు, అక్కడే ఉన్నవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

మంజీర_మిలాన్
అన్నా, మోకాళ్ల నొప్పులని మీరే రాశారు, ఇంకా అడిగేదేముంది? అమాల్ఫీ తీరంలో అందరూ వెళ్లే పొసిటానో మొత్తం కొండవాలుకి అంటుకుని ఉన్న ఊరు. సముద్రం కనిపించే విల్లా అంటే రోడ్డు నుంచి కిందికో పైకో మెట్లే మెట్లు. ప్రకటనలో డాబా ఫొటో పెడతారు, మెట్ల ఫొటో పెట్టరు. అమ్మ ఒకసారి దిగితే ఆ పూటకి మళ్లీ ఎక్కడం ఆవిడ వల్ల కాదు. మిగిలినవాళ్లంతా బీచికి పోతే ఆమె డాబా మీద ఒక్కతే కూర్చోవాలి.

ఇక కారు సంగతి. ఆ తీరం వెంబడి ఉన్నది ఒకటే రోడ్డు, 163 నంబరుది. బస్సు ఎదురైతే వెనక్కి పోవాల్సినంత ఇరుకు. ఈ మధ్య ఏళ్లలో వేసవి వారాంతాల్లో, ఆగస్టులో అయితే రోజూ, ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా నంబరు ప్లేటు చివరి అంకెని బట్టి సరి-బేసి పద్ధతి పెడుతున్నారు. అద్దెకారు తీసుకుంటే రోజు విడిచి రోజు పగలంతా కదలకుండా ఉండాల్సిందే. పెద్దవాళ్లతో పోయేటప్పుడు టస్కనీయే నయం. ఇంటి ముందు కారు ఆపుకుని నేరుగా లోపలికి నడిచి పోవచ్చు.

భీమిలి_అల
మంజీర గారూ, అమాల్ఫీ తీరమంటే పొసిటానో ఒక్కటేనా? అదే తీరంలో మయోరి ఉంది. కొండల మధ్య లోయ సముద్రంలోకి తెరుచుకునే చోట ఉన్న ఊరు కాబట్టి చదునుగా ఉంటుంది. ఆ తీరం మొత్తానికి పొడవైన బీచి అక్కడిదే. ఒడ్డు వెంట నడవడానికి దారి ఉంది. పక్కనే మినోరిలో రోమన్ల కాలం నాటి విల్లా శిథిలాలున్నాయి. కారు అసలు అక్కర్లేదు. రోమ్ నుంచి సలెర్నోకి రైలు, అక్కడి నుంచి వేసవిలో ఫెర్రీ.

టస్కనీ గురించి ఎవరూ చెప్పని మాట నేను చెప్తా. కారు నడిపేది ఎవరు? ఈయన ఒక్కరే. పల్లెలో విల్లా అంటే పాల ప్యాకెట్‌కి కూడా కారు తీయాలి. ఈయన పిల్లల్ని తీసుకుని ఫ్లోరెన్స్ వెళ్తే ముగ్గురు పెద్దవాళ్లు మట్టిరోడ్డు చివర, పొరుగిల్లు లేని చోట, భాష తెలియని చోట సాయంత్రం దాకా ఎదురుచూస్తూ కూర్చోవాలి. మన పెద్దవాళ్లకి ఇల్లు ఎంత అందంగా ఉన్నా మనుషులు కనిపించాలండీ. మయోరిలో నాన్నగారు ఒక్కరే కిందికి వెళ్లి, కాఫీ తాగి, వచ్చేపోయేవాళ్లని చూసి తిరిగి రాగలరు. ఆ స్వతంత్రం ముందు ద్రాక్షతోటలూ సైప్రస్ చెట్లూ ఏపాటి?

వంటింటి_మాట
విల్లా అనగానే నాకు భయం. ఊరు మారుతుంది గానీ వంటిల్లు మారదు. హోటల్ అయితే ఆడవాళ్లకి ఒక వారమైనా సెలవు. విల్లాలో పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి పెద్దాయనకి చపాతీలు. కొండైనా కడలైనా కిటికీలోంచి చూడ్డమే. ఎక్కడికెళ్లాలన్నది తర్వాత, ఎవరు వండుతారన్నది ముందు తేల్చుకోండి.

ఇంకొకటి. ఇటలీ ఇళ్లకి మామూలుగా ఉండే కరెంటు కనెక్షన్ 3 కిలోవాట్లే. ఏసీ, ఓవెన్, వాషింగ్ మెషీన్ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతుంది. పెద్ద విల్లాలో ఎక్కువ ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. గ్యాసు పొయ్యి ఉందో లేదో కూడా అడగండి, మన కుక్కరు ఇండక్షన్ మీద పనిచేయకపోవచ్చు.

మంజీర_మిలాన్
భీమిలి గారు చెప్పిన ఒంటరితనం మాట నిజం, దాన్ని కాదనను. కానీ దానికి మందు సముద్రం కాదు, ఊరికి నడిచిపోయే దూరంలో ఇల్లు. టస్కనీ అంటే కొండ మీద ఒంటి ఇల్లే తీసుకోవాలని ఎవరన్నారు? వాల్ దోర్చా వైపు చూడండి, 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన లోయ. అక్కడి పియెంజా చిన్న ఊరు. గుట్ట మీద ఉన్నా ప్రధాన వీధి చదునుగా ఉంటుంది. గోడ వెంట నడిచే దారిలోంచి లోయంతా కనిపిస్తుంది. ఆ ఊరి అంచున ఇల్లు తీసుకుంటే నాన్నగారి కాఫీకి కారు అక్కర్లేదు. దగ్గర్లోనే బాన్యో విన్యోనిలో వేడినీటి ఊటలున్నాయి. ఊరి నడిబొడ్డున చౌకు ఉండాల్సిన చోట పెద్ద కోనేరే ఉంటుంది. అందులో దిగనివ్వరు గానీ, పక్కన పారే కాలవలో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. మీ అమ్మగారికి అంతకంటే ఏం కావాలి?

వంట గురించి రాసిన అక్కా, మీ మాటకి దండం. అందుకే విల్లా బదులు అగ్రితురిస్మో చూడమంటా, అంటే వ్యవసాయం చేసే రైతు కుటుంబమే అతిథులకి ఇచ్చే ఇల్లు. 2006 నాటి చట్టం ప్రకారం వాళ్లకి వ్యవసాయమే ప్రధానమైన పనిగా ఉండాలి. భోజనం పెడితే అందులో సరుకులు ఎక్కువ భాగం సొంత పొలానివీ ఆ ప్రాంతానివీ అయి ఉండాలి. చాలాచోట్ల ముందు చెప్తే రాత్రి భోజనం వండిపెడతారు. టమాటాతో, ఎండు రొట్టెతో, చిక్కుడు గింజలతో చేసే శాకాహారం టస్కనీలో పుష్కలం. పార్మిజాన్ చీజు మాత్రం దూడ కడుపులోంచి తీసే, పాలు విరిచే రెన్నెట్‌తో చేస్తారు, నియమం ఉన్నవాళ్లు వద్దని ముందే చెప్పాలి.

రెండో డ్రైవరుగా బావగారు ఉంటారు కదా. బయలుదేరేముందు ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోమనండి, కారు అద్దె ఒప్పందంలో ఆయన పేరూ రాయించండి. భారం ఒక్కరి మీదే పడదు. ఫ్లోరెన్స్, సియెనా నడిబొడ్డుకి మాత్రం కారు తీసుకెళ్లొద్దు. అనుమతి లేని కారుని కెమెరా పట్టేస్తుంది, జరిమానా చీటీ నెలల తర్వాత ఇంటికొస్తుంది.

భీమిలి_అల
మరి ఎండ? ఆగస్టులో టస్కనీ లోపలి ప్రాంతాల్లో 35 డిగ్రీలు దాటడం మామూలే. రాజమండ్రివాళ్లకి ఎండ కొత్త కాదంటారేమో, కానీ రాజమండ్రిలో ఫ్యానుంది, ఏసీ ఉంది. ఆ పాత రాతి ఇళ్లు చాలావాటిలో రెండూ ఉండవు. తీరంలో సాయంత్రమైతే గాలైనా వస్తుంది.

పాప విషయం కూడా చూడండి. పల్లె విల్లా అంటే ఈతకొలను ఉంటుంది. ఫ్రాన్స్‌లో 2003 నాటి చట్టం వల్ల ఇంటి కొలనుకి కంచో, మూతో, అలారమో ఏదో ఒక రక్షణ తప్పనిసరి. ఇటలీలో అది ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. పెద్దవాళ్లు మధ్యాహ్నం కునుకు తీసే వేళ నాలుగేళ్ల పిల్ల తలుపు తీసుకుని కొలను దగ్గరికి వెళ్తే? బీచికి మనం తీసుకెళ్తేనే పిల్ల వెళ్తుంది. కొలను మాత్రం గుమ్మంలోనే ఉంటుంది. ఈ ఒక్క కారణానికే నేను పల్లె విల్లా వద్దంటాను, దీనికి మీరెవరూ జవాబు చెప్పలేదు.

నల్లమల_నీడ
మీ ఇద్దరి మధ్యలో చిలెంతో అనే చోటు ఉంది, సలెర్నోకి దక్షిణాన. అక్కడి పెస్టుమ్‌లో రెండున్నర వేల ఏళ్ల నాటి గ్రీకు గుడులు మూడు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. నేలంతా చదును, బీచి ఇసుకది. చుట్టూ గేదెల ఫారాలు, వాటి పాలతో మొజరెల్లా చీజు అక్కడే చేస్తారు. పల్లె, సముద్రం రెండూ అవుతాయి. పేరు తక్కువ కాబట్టి అమాల్ఫీ రేట్లూ ఉండవు. ఆగస్టు 15 చుట్టూ మాత్రం ఇటలీ మొత్తం సెలవులో ఉంటుంది, ఆ వారం ఎక్కడికెళ్లినా జనమే.

మంజీర_మిలాన్
కొలను విషయంలో భీమిలి గారిదే న్యాయం. చిన్నపిల్లలున్నప్పుడు కంచె ఉన్న ఫొటో పంపమని అడగాలి. పంపకపోతే ఆ ఇల్లు వద్దు. లేదా కొలను లేని ఇల్లే చూసుకోవాలి. కానీ పెద్దవాళ్లకి మెట్లూ, ఆ రోడ్డూ వద్దన్న మాట మీదే ఉన్నాను. ఫెర్రీ కూడా సముద్రం బాగోకపోతే ఆపేస్తారు.

గోదారి_రెడింగ్
అందరికీ చాలా థాంక్స్. మా ఆవిడకీ చదివి వినిపించా. వంటింటి మాట దగ్గర ఆవిడ నా వైపు చూసిన చూపుతో ఒకటి తేలిపోయింది, రాత్రి భోజనం పెట్టే ఇల్లే తీసుకుంటాం. ఇప్పుడు పియెంజా అంచున కొలను లేని ఇల్లొకటి, పెస్టుమ్ దగ్గర ఒకటి చూస్తున్నాం. అమ్మకి రెంటి ఫొటోలూ పంపా. ఆవిడ అడిగిందల్లా బాత్రూము కింది అంతస్తులో ఉందా అని. మాలో ఎవరికీ తట్టలేదు, ఓనర్లిద్దరికీ రాశా.

భీమిలి_అల
పెస్టుమ్ అయితే నా ఓటు మీకే. ఏదైనా సరే, డబ్బు కట్టేముందు ప్రకటనలో సీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉందో లేదో చూడండి. 2025 జనవరి నుంచి ఇటలీలో పర్యాటకులకి అద్దెకిచ్చే ఇళ్లన్నిటికీ అది తప్పనిసరి. ఇటలీకి కావాల్సిన షెన్‌గెన్ వీసాకి పెద్దవాళ్ల చేత ఇండియాలోనే అప్లై చేయించండి, ఇంగ్లండు వచ్చాక చూసుకుందామంటే కుదరదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు. ఇంటి బుకింగు కాగితం, 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. కాబట్టి ఇల్లు త్వరగా తేల్చుకోండి, వీసా రాకపోతే డబ్బు వెనక్కిచ్చే షరతు ఉన్నదే బుక్ చేయండి.