టైప్-సీ బోర్డు పాత చార్జర్‌తో ఓకే, సీ-టు-సీ కేబుల్‌తో జీరో వోల్ట్స్, ఎందుకు?

ప్రశ్న:
చిన్న ఆంప్లిఫయర్ బోర్డు ఒకటి ఉందండి, 5 వోల్ట్స్‌ది, టైప్-సీ పోర్ట్. పాత ఫోన్ చార్జర్‌కి ఏ-టు-సీ కేబుల్‌తో పెడితే వెంటనే ఆన్ అవుతుంది, అదే 65 వాట్స్ పీడీ (పవర్ డెలివరీ, ఫాస్ట్ చార్జింగ్) చార్జర్‌కి సీ-టు-సీ కేబుల్‌తో పెడితే అస్సలు ఉలుకూ పలుకూ లేదు, మీటర్ పెట్టి చూస్తే బోర్డు మీద జీరో. ఇంకోటి, పాత చార్జర్ మీద కూడా వాల్యూమ్ పెంచితే 5.1 ఉన్నది 4.5కి పడిపోయి రీస్టార్ట్ అవుతోంది. బోర్డు పోయినట్టేనా?

రిప్లై 1:
కేబుల్ మార్చి చూడు బ్రో.

ప్రశ్న వేసినవారు:
అదే కేబుల్, అదే చార్జర్‌తో ఫోన్ శుభ్రంగా చార్జ్ అవుతోంది.

రిప్లై 2:
బోర్డు పోలేదు, చేసినవాడు రెసిస్టర్లు ఎగ్గొట్టాడు అంతే. టైప్-సీ చార్జర్ ప్లగ్ చేయగానే 5 వోల్ట్స్ వదలదు, అవతల బోర్డులో సీసీ పిన్ (ఏం తగిలించారో చార్జర్‌కి తెలిపే పిన్) నుంచి గ్రౌండ్‌కి 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ కనబడితేనే వదులుతుంది. ఏ-టు-సీ కేబుల్‌లో ఈ గొడవ లేదు, టైప్-ఏ సాకెట్‌లో 5 వోల్ట్స్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి నడిచిపోతుంది. ప్లగ్ తీసేసి ఏ5, బీ5 పిన్నుల (సీసీ పిన్నులు ఇవే, రెండు ఉంటాయి) నుంచి గ్రౌండ్‌కి మీటర్‌తో ఓమ్స్ చూడండి, ఓపెన్ (కనెక్షనే లేదని) చూపిస్తే ఇదే సంగతి. రెండు పిన్నులకీ వేరువేరుగా ఒక్కోటి పెట్టాలి, రెండూ కలిపేసి ఒకటే పెట్టకండి, 2019లో రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు) మొదటి బోర్డుల్లో అలా చేసే ఈ-మార్క్ కేబుల్స్‌తో (లోపల చిప్ ఉన్నవి) పవర్ రాక ఇబ్బందయింది. పీడీ ట్రిగ్గర్ బోర్డులు (చార్జర్‌ని ఎక్కువ వోల్ట్స్ అడిగేవి) అమ్ముతారు, 9 వోల్ట్స్ సెట్టింగ్‌లో ఉన్నది తెచ్చి తగిలించారో అప్పుడు నిజంగానే పోతుంది.

రిప్లై 3:
4.5 సంగతి వేరే అండి, దానికీ సీసీకీ సంబంధం లేదు. బోర్డు 2 ఆంప్స్ లాగుతుంటే కేబుల్ రానుపోను రెసిస్టెన్స్ 0.25 ఓమ్ ఉన్నా అర వోల్ట్ దారిలోనే హరీ. యూఎస్‌బీ మీటర్‌ని ఒకసారి చార్జర్ దగ్గర, ఒకసారి బోర్డు దగ్గర పెట్టి, పాట గట్టిగా మోగుతున్నప్పుడే చూడండి, ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. చార్జర్ దగ్గర 5 ఉండి ఇక్కడ తగ్గితే కేబుల్, పొట్టిది మందంది వాడండి. అక్కడే పడిపోతుంటే చార్జర్‌కి అంత కరెంట్ ఇచ్చే సత్తా లేదు. కెపాసిటర్ పెట్టమని ఎవరైనా చెప్తారు, మరీ పెద్దది పెడితే ప్లగ్ చేయగానే ఒక్కసారిగా కరెంట్ లాగి చార్జర్ కట్ అయిపోవచ్చు.

ప్రశ్న వేసినవారు:
రెండు పిన్నులూ ఓపెనే! రెసిస్టర్లు పెట్టాను, ఆన్ అయింది, కానీ ప్లగ్ తిప్పి పెడితే మళ్ళీ జీరో.

రిప్లై 2:
అయితే ఒక వైపు సోల్డర్ సరిగా పట్టలేదు. కేబుల్‌లో సీసీ తీగ ఒక్కటే, ఎటు పెడితే ఆ వైపు పిన్నుకే తగులుతుంది. పనిచేయని వైపు పిన్ మళ్ళీ వేడి చేయండి, పక్క పిన్‌కి అంటకుండా చూస్కోండి.