బెంగళూరులో జేబు ఖాళీ కాకుండా హాయిగా తినాలంటే ఎక్కడికి వెళ్లాలి?

నెల్లూరు_వాసు:
అన్నలూ అక్కలూ, ఉద్యోగం కోసం నెల్లూరు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో పీజీలో ఉంటున్నాను. పీజీలో వారమంతా అవే చపాతీలు, అదే నీళ్ల పప్పు. పోనీ శని ఆదివారాలు బయట తిందామంటే ఆఫీసు వాళ్లతో కలిసి మాల్‌కి వెళ్లడం, మనిషికి ఎనిమిది వందలో వెయ్యో అవడం, తిన్న తృప్తి మాత్రం లేకపోవడం. యాప్‌లో తెప్పించుకుంటే ఆ చార్జీ ఈ చార్జీ కలిసి దోశ రేటు ఎక్కడికో పోతోంది, పైగా వచ్చేసరికి మెత్తబడిపోతోంది. నాకు ఏసీ అక్కర్లేదు, సోఫాలు అక్కర్లేదు. మా ఊళ్లో పొద్దున్నే టిఫిన్ సెంటర్‌కి వెళ్లి వేడివేడిగా తిని నాలుగు కబుర్లు చెప్పుకుని వచ్చేవాళ్లం, అలాంటివి ఇంత పెద్ద సిటీలో ఉండకుండా ఉంటాయా? బండి లేదు కాబట్టి మెట్రోలో వెళ్లగలిగేవి చెప్పండి. ఇంకో సంగతి, ఇక్కడి సాంబారు తియ్యగా ఉంటోంది, అది నా వల్ల కావట్లేదు.

జయనగర్_అక్క:
తమ్ముడూ, నువ్వు అడిగేదాన్ని ఇక్కడ దర్శిని అంటారు. 1983లో మా జయనగర్‌లో కేఫె దర్శిని అని ఒకటి పెట్టారు, అది బాగా నడవడంతో ఊరంతా అదే పద్ధతిలో వచ్చేశాయి, ఇప్పుడు బోర్డు మీద దర్శిని అని లేకపోయినా చాలా చోట్ల నడిచే పద్ధతి అదే. ముందు డబ్బులు కట్టి టోకెన్ తీసుకోవాలి, కౌంటర్‌లో ఇస్తే ప్లేటు చేతికిస్తారు, నిలబడి తినడమే. సర్వర్లు ఉండరు, స్థలం చిన్నది, మనిషి పది నిమిషాల్లో తినేసి వెళ్తాడు, కాబట్టి తక్కువ రేటుకి ఇచ్చినా వాళ్లకి గిడుతుంది. నాకు అంతకంటే నచ్చేది ఏమిటంటే జనం అలా తిరుగుతూనే ఉంటారు కనుక ఇడ్లీ వాయి దిగడం ఆలస్యం, అయిపోతుంది. చల్లారిన ఇడ్లీ తినాల్సిన అవసరమే రాదు. మామూలు దర్శినిలో ఇడ్లీ, వడ, కాఫీ కలిపి వంద లోపే అయిపోతుంది.

చౌ చౌ బాత్ తప్పకుండా తిను, ఒకే ప్లేటులో ఒకవైపు కారంగా ఉండే ఖారా బాత్, ఒకవైపు తియ్యటి కేసరి బాత్ పెడతారు. ఖారా బాత్‌ని మన ఉప్మా అనుకుని తీసిపారేయకు, ఆ మసాలా వేరు. ఇద్దరు వెళ్తే కాఫీ బై టూ చెప్పండి, ఒక కాఫీని ఇద్దరికీ పంచి ఇస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు, ఇక్కడ అది మామూలే.

సాంబారు బాధ అంటావా, అసలు సాంబారే పెట్టని చోటికి వెళ్లు. శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్, మల్లేశ్వరంలో వీణా స్టోర్స్. రెండు చోట్లా ఇడ్లీ వడకి చట్నీ ఒక్కటే, అడిగితే మళ్లీ పోస్తారు. ఇంత పేరున్న హోటళ్లు సాంబారు లేకుండా ఎలా నడుస్తున్నాయో ఆ చట్నీ నాలుక మీద పడితే నీకే అర్థమవుతుంది. మెట్రో పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా వచ్చి గ్రీన్ లైన్‌కి మారు. శంకరపురానికైతే నేషనల్ కాలేజీ స్టేషన్‌లో దిగి కాస్త నడవాలి, లేదా ఆటో. బ్రాహ్మిన్స్‌కి ఆదివారం సెలవు, శనివారం పెట్టుకో.

మెత్తని_దోశ_వద్దు:
అక్క చెప్పింది నిజమేగానీ ఆయన కబుర్లు చెప్పుకుంటూ తినాలంటున్నారు, దర్శినిలో పక్కవాడి మోచేయి తగులుతూ ఉంటే ఏం కబుర్లు! కూర్చుని తినాలంటే గాంధీ బజార్‌లో విద్యార్థి భవన్‌కి వెళ్లండి. 1943 నుంచీ ఉంది. దోశ మందంగా, బయట ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది, సర్వర్ ఒక చేతి మీద బోలెడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వస్తుంటే చూడటానికే ముచ్చటగా ఉంటుంది. రేటు దర్శిని కంటే ఎక్కువే, కానీ మాల్‌తో పోలికే లేదు. శని ఆదివారాల్లో చాలాసేపు నిలబెడతారు, కాబట్టి సెలవు దొరికిన ఏ మంగళవారమో పొద్దున్నే వెళ్లండి. శుక్రవారం మాత్రం మూసేస్తారు.

జయనగర్_అక్క:
గంటసేపు బయట నిలబడి లోపల కూర్చోవడం కంటే పది నిమిషాలు నిలబడి తినేసి కబుర్లకి లాల్‌బాగ్‌కి వెళ్లడం నయం కదా. నేనైతే ఇప్పటికీ అదే చేస్తాను.

గోంగూర_గోపి:
బ్రో, టిఫిన్ల సంగతి వాళ్లు చెప్పారు, భోజనం సంగతి నేను చెప్తాను. రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున లాంటి ఆంధ్రా హోటళ్లు ఉన్నాయి, ఎంజీ రోడ్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. అరిటాకులో ముద్దపప్పు, నెయ్యి, కందిపొడి, గోంగూర, అన్నం ఎంత కావాలంటే అంత. ఇవి మరీ చవకేం కాదు, నెలకోసారి ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు వెళ్లడానికి బాగుంటాయి. రోజూ తినాలంటే మారతహళ్లి, బీటీఎం వైపు మనవాళ్ల మెస్సులు చాలా ఉన్నాయి. మెస్సుకి మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా వెళ్లు, రెండు దాటాక వెళ్తే కూరలు అడుగంటి ఉంటాయి.

నువ్వు వైట్‌ఫీల్డ్‌లో ఉన్నావు కాబట్టి హొస్కోటే దగ్గరే. ఆదివారం అక్కడ తెల్లవారకముందే మటన్ దమ్ బిర్యానీ మొదలవుతుంది, చీకట్లోనే జనం క్యూ కట్టేస్తారు. బండి ఉన్న ఫ్రెండ్‌ని లేపుకుని వెళ్లు, ఆలస్యమైతే అయిపోతుంది. నెలాఖరులో చెయ్యి మరీ బిగుతుగా ఉంటే ఇందిరా క్యాంటీన్ చూడు. 2017లో మొదలైనప్పుడు టిఫిన్ 5 రూపాయలు, భోజనం 10 రూపాయలు పెట్టారు. మన అన్న క్యాంటీన్ లాంటిదే, అక్కడ తినడానికి మొహమాటం దేనికి?

నెల్లూరు_వాసు:
అందరికీ థాంక్స్. శనివారం శంకరపురం ఖాయం. కానీ నా రూమ్మేట్ లేవడు, ఒక్కడినే వెళ్లాలి. ఒక్కడినే నిలబడి తింటుంటే బాగుంటుందా అని చిన్న టెన్షన్.

జయనగర్_అక్క:
పొద్దున ఏడున్నరకి వెళ్లి చూడు, వాకింగ్ ముగించుకుని వచ్చే పెద్దవాళ్లు చాలామంది ఒంటరిగానే ఉంటారు. వాళ్ల పక్కన ప్లేటు పెట్టుకో, ఏ ఊరు నాయనా అని వాళ్లే పలకరిస్తారు. ఇడ్లీ, వడ విడివిడిగా కాకుండా కలిపి ఒక ప్లేటు చెప్పు, వడని చట్నీలో కాసేపు నాననివ్వు, కాఫీ మాత్రం తినడం అయ్యాకే తీసుకో, ముందే తీసుకుంటే చల్లారిపోతుంది.