పాత నేతచీరలతో బొంత: ఎన్ని పొరలు, ఏ దారం? ఇద్దరం కుడితే ఒక వైపే ఎందుకు ముడుచుకుంటోంది?

కొత్తసూది:
అమ్మవి ఆరు పాత చీరలున్నాయి. నాలుగు మంగళగిరి, ఒకటి వెంకటగిరి, ఒకటి పాలిస్టరు కలిసింది. అమ్మా నేనూ కలిసి సింగిల్ మంచానికి ఒక బొంత, పుట్టబోయే బిడ్డకి ఒక చిన్న బొంత కుడదామని. రెండడుగుల ముక్క మీద చెరో సగం కుట్టి చూశాం. అమ్మ వైపు చదునుగా ఉంది, నా వైపు వేయించిన అప్పడంలా ముడుచుకుంది. అమ్మేమో దబ్బనం, నైలాన్ దారం తెమ్మంటోంది. ఎన్ని పొరలు వెయ్యాలి, దారం ఎంత కొనాలి, ఆ ముడత ఎలా పోతుంది?

దారపుండ:
ముందు పాలిస్టరు చీర పక్కన పెట్టేయండి. చెమట పీల్చదు, కాటన్ పొరల మధ్య జారుతుంది. ఉతికిన కొద్దీ కాటన్ కాస్త కుదించుకుంటుంది, అది కుదించుకోదు. నాలుగు ఉతుకులయ్యేసరికి లోపల ఉండలా పోగవుతుంది.

మిగతా వాటికి ఫాల్ ఊడదీసి, వేడినీళ్ళలో నానేసి గంజి పూర్తిగా వదిలించండి. గంజి ఉన్న గుడ్డలో సూది మొరాయిస్తుంది. ఆరాక ఒక్కో చీరనీ కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. కూర్చునే చోటా, మడమ తగిలే కింది అంచు దగ్గరా నేత పల్చబడి వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తుంది. అక్కడ రెండు బొటనవేళ్ళతో లాగండి. పర్రుమంటే ఆ ముక్క కోసి పారేయాల్సిందే. కాస్త సాగి ఆగితే లోపలి పొరకి పనికొస్తుంది. కొంగు వైపు గుడ్డ అరగదు కాబట్టి అది పైకి రావాలి.

ఇక కొలత. చీర పొడవు 5.5 మీటర్లు, అంటే 216 అంగుళాలు. అడ్డంగా నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 54 అంగుళాలు. పన్నా (వెడల్పు) 46 అనుకుందాం. జరీ అంచులు రెండు వైపులా రెండేసి అంగుళాలు తీసేస్తే 42 మిగులుతుంది. రెండు ముక్కలు అతికితే 54 × 83, ఒక మనిషికి సరిపోయే పొర. అంటే చీరకి రెండు పొరలు. నాలుగు పొరలకి రెండు చీరలు చాలు, మన చలికి అదే ఎక్కువ. ఆరు పొరలు దాటాక చేత్తో కుడితే సూది నిటారుగా దిగదు, పైన ఒకచోట పొడిస్తే కింద ఇంకోచోట తేలుతుంది.

అతుకులన్నీ నడుమనే పడితే నడ్డి కింద తాడు తగిలినట్టుంటుంది. లోపలి పొరల్లో ఒక ముక్కని 21, 21గా కోసి రెండు చివర్లా పరిచి, నిండు ముక్క నడుమ పెట్టండి. లోపల అతుకు కుట్టక్కర్లేదు, అర అంగుళం ఒకదాని మీదొకటి ఎక్కితే చాలు.

ముడత సంగతి. మీరు సూది లాగిన ప్రతిసారీ దారాన్ని చివరిదాకా బిగిస్తున్నారు. వరస అయ్యాక, ముడి వేసే ముందు, గుడ్డని బొటనవేలితో మొదటి నుంచి చివరికి నిమరండి. దారం తనంతట తానే కాస్త వెనక్కి వదులుతుంది. రెండోది, కచ్చా కుట్టు లేకుండా మొదలుపెట్టి ఉంటారు. నేల మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, జానెడు జానెడుకి పొడుగాటి కచ్చా కుట్టు వెయ్యండి, ఓపిక లేకపోతే పిన్నీసులు. నడుమ నుంచి బయటికి కుట్టుకుంటూ రండి. మిగులు గుడ్డ చివరలకి జరిగిపోతుంది, అక్కడ కత్తిరించుకోవచ్చు.

చెరో సగం పంచుకోవడం మాత్రం మానండి. ఇద్దరి చెయ్యి ఎప్పుడూ ఒకలా ఉండదు. సగం బిగువు, సగం వదులు అయితే బొంత ఒక మూలకి ఈడ్చుకుపోతుంది. ఒక వరస అమ్మగారు, పక్క వరస మీరు, ఎదురెదురు చివరల నుంచి. అప్పుడు ఆ తేడా బొంతంతా పరుచుకుని కంటికి ఆనదు.

దారం లెక్క: అంగుళానికో వరస అయితే 53 వరసలు, ఒక్కోటి 83 అంగుళాలు, మొత్తం 112 మీటర్లు. కుట్టు పైకీ కిందికీ తిరిగేది ఇంకో అయిదో వంతు కలుపుకోండి. రెండు పేటలు కాబట్టి దాదాపు 270 మీటర్లు. ఒక్కోసారి బెజ్జంలోకి ఎక్కించేది మడత పెట్టాక మూరన్నర దాటకూడదు. పొడుగైతే చిక్కు పడుతుంది, గుడ్డలో రాసుకుని నూగు లేస్తుంది. దారాన్ని ఒకసారి కొవ్వొత్తి మీద లాగితే చిక్కు తగ్గుతుంది.

గళ్ళగుడ్డ:
దబ్బనం గోనెసంచులకి. అరిగిన నూలు మీద అది పోగుని పక్కకి జరపదు, తెంపుతుంది. రెండంగుళాల పొడవు, రెండు పేటలు దూరే బెజ్జం ఉన్న సన్నసూది చాలు. నైలాన్ దారం కూడా వద్దు. దారం గుడ్డకన్నా గట్టిగా ఉంటే లాగుడు పడినప్పుడు దారం తెగదు, గుడ్డ కోసుకుపోతుంది. దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు, గుడ్డ పోతే మాసిక వెయ్యాలి. బెంగాల్‌లో కాంథాలనే బొంతలకి పాత చీర అంచుల్లోంచి లాగిన పోగులే దారంగా వాడేవారు. గుడ్డకీ దారానికీ వయసు కలుస్తుంది మరి.

దారపుండ గారూ, నడుమ నుంచి మొదలుపెట్టడం ఒక్కటే దారి కాదండీ. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా ఎల్లాపూర్, హళియాళ వైపు ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ ఆడవాళ్ళు కవంది అనే ముక్కల బొంత కుట్టేది బయట నుంచి లోపలికే. మూల దగ్గర అంచు మడిచి మొదలుపెట్టి, ముక్క మీద ముక్క పెట్టుకుంటూ చుట్టూ తిరిగి నడుమకి వస్తారు. కచ్చా కుట్టు ఉండదు. చివర నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న ముక్కలు కుడతారు, వాటిని ఫూల అంటారు. అవి లేకపోతే బొంత నగ్నంగా ఉన్నట్టట.

దారపుండ:
నిజమే, కానీ అక్కడ పై పొర చిన్న చిన్న ముక్కలు. ఏ ముక్కకా ముక్క అప్పటికప్పుడు పరుస్తారు, మిగులు ఉంటే మడతలో కలిసిపోతుంది. వీళ్ళది నిండు గుడ్డ. బయట నుంచి వస్తే మిగులంతా నడుమకి చేరి బొడిపె కడుతుంది.

కొత్తసూది:
అర్థమైంది, థాంక్సండీ. మంగళగిరుల్లో ఒకటి ముదురు ఎరుపు. ఉప్పునీళ్ళలో నానేస్తే రంగు నిలుస్తుందా? చిన్న బొంతకి ఏం మార్చాలి?

పొత్తిళ్ళు:
ఉప్పు మీద భరోసా పెట్టుకోకండి. అద్దకం వేసేటప్పుడు రంగు నూలుకి పట్టడానికి ఉప్పు సాయం చేస్తుంది. అయిపోయిన చీరలో నిలవని రంగుని అది కట్టెయ్యదు. తడిపిన తెల్లగుడ్డతో ఎర్రచీర కొంగు మూల గట్టిగా రుద్ది, అలాగే నొక్కి పెట్టి అరగంట వదిలేయండి. తెల్లగుడ్డ గులాబీగా మారితే, నీళ్ళు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకండి. అప్పటికీ దిగుతూనే ఉంటే ఆ చీర బొంతలోకి వద్దు, ముఖ్యంగా లోపలి పొరగా. తడి బొంత ఆరడానికి పొద్దంతా పడుతుంది, ఆలోపు రంగు పైపొరకి ఎక్కేస్తుంది.

బిడ్డ బొంత 30 × 36 అంగుళాలు, మూడు పొరలు చాలు. వెంకటగిరి దానికి తీసుకోండి, ఆ నూలు మెత్తన. జరీ పోగొక్కటి కూడా ఉండకూడదు, గీసుకుంటుంది. అంచు తీసేశాక వేలితో తడిమి చూడండి, ఒక్కోసారి ఒకటి రెండు పోగులు మిగిలిపోతాయి. వరసలు అర అంగుళం దూరంలో వెయ్యండి, వదులు కుట్టులో చిన్న వేళ్ళు ఇరుక్కుంటాయి. ముడి పైన కనపడకూడదు. దారం చివర ముడి వేసి, కుట్టు మొదలయ్యే చోటికి అర అంగుళం దూరంలో పై పొరలోకి మాత్రమే సూది దించి, కుట్టు మొదలయ్యే చోట తేల్చి చిన్నగా గుంజితే ముడి టక్కున లోపలికి పోతుంది. రోజూ తడుస్తుంది కాబట్టి రెండు కుట్టి పెట్టుకోండి.

పెద్ద బొంత తడిస్తే బాగా బరువు. ఒకే తీగ మీద వేలాడదీస్తే నడుమ వరసల మీదే బరువంతా పడి దారం తెగుతుంది. పక్కపక్కనే రెండు తీగల మీద పరిచినట్టు వెయ్యండి. తీసేసిన జరీ అంచుని పారేయకుండా చుట్టూ పట్టీగా వేసుకోవచ్చు గానీ, తల వైపు మాత్రం జరీ లేని పట్టీ వెయ్యండి.