మిరప కోతలకి వెళ్లే పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు ఎలా చెప్పాలి? పరిశోధనలు చదివినవాళ్లు చెప్పండి

లెక్కల టీచర్ (గుంటూరు):

మాది బ్రాడీపేట. రోజూ బస్సెక్కి ప్రత్తిపాడు వైపు ఒక ఊరి హైస్కూల్‌కి వెళ్లి లెక్కలు చెబుతాను. ఎనిమిదో తరగతిలో 34 మంది. సంక్రాంతి సెలవులయ్యాక మిరప కోతలు మొదలైతే వాళ్లలో 12 మంది బడికి రావడం మానేస్తారు, వచ్చినా వారానికి ఒకటి రెండు రోజులే. అమ్మానాన్నలతో చేలోకి పోతారు. కిందటేడు ఒక పిల్ల పరీక్షకి వచ్చి "టీచర్, చేతులు మండుతున్నాయి, పెన్ను పట్టుకోలేకపోతున్నా" అంది. నేనేమనాలి?

ఈసారి ఆన్‌లైన్‌లో ఏదన్నా చేద్దామని పూనుకున్నా. చేసినవి చెబుతా, నవ్వకండి.

మొదట సాయంత్రం ఏడింటికి లైవ్ క్లాసు. మొదటిరోజు తొమ్మిది మంది వచ్చారు. నాలుగోరోజుకి ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురిలో ఒకరు ఓ పిల్లాడి నాయనమ్మ. పిల్లాడు ఆటకి పోయాడట, ఫోన్ వృథాగా పోవడమెందుకని ఆవిడే కూర్చుంది. "బాగా చెబుతున్నావమ్మా" అని మెచ్చుకుంది కూడా.

తర్వాత వీడియోలు. తొమ్మిది వందలు పెట్టి స్టాండు కొన్నా. ఏకచరరాశి సమీకరణాలు 38 నిమిషాల పాఠం, రెండు ఆదివారాలు పట్టింది. యూట్యూబ్‌లో చూస్తే సగటున నాలుగు నిమిషాలే చూశారు. నా మొహానికి నాలుగు నిమిషాలంటే ఎక్కువే అన్నారు మా ఆయన.

మూడోది వాట్సాప్‌లో వర్క్‌షీట్లు. ఇరవై మంది దాకా జవాబులు పంపారని సంబరపడ్డా. తీరా చూస్తే పదకొండు మంది జవాబులో ఒకటే తప్పు: 3x = 12 కాబట్టి x = 36. ఎవరో ఒకరు చేసింది గ్రూపులు దాటి ఊరంతా తిరిగింది.

2022, 2023లో ఎనిమిదో తరగతి వాళ్లకి ప్రభుత్వం పాఠాలు ఎక్కించి ట్యాబులు ఇచ్చినప్పుడు నెట్ గోల లేదు. ఇప్పటి పిల్లల దగ్గర అవి లేవు. ఇంట్లో ఒక్క ఫోన్, అదీ నాన్న జేబులో.

పిల్లల్లో ఆసక్తి పెంచండి, తల్లిదండ్రులకి అవగాహన కల్పించండి లాంటివి వద్దు. అవి ట్రైనింగుల్లో చాలా విన్నా. ఎక్కడన్నా నిజంగా చేసి, కొలిచి చూసి, పనిచేసిందని తేలినవి ఉంటే చెప్పండి.

నంబూరు స్కాలర్:

మేడం, నేను ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. మీకు పనికొచ్చే ప్రయోగం నాకు తెలిసి బోట్స్వానాలో జరిగింది. కరోనాకి బడులు మూసినప్పుడు సుమారు 4,500 కుటుంబాల మీద చేశారు. కొందరికి వారానికోసారి లెక్కలు ఎస్సెమ్మెస్‌లో పంపారు. కొందరికి ఆ ఎస్సెమ్మెస్‌తో పాటు వారానికోసారి మామూలు ఫోన్ కాల్, ఇరవై నిమిషాల లోపు. పెద్దవాళ్లు ఫోన్ ఎత్తి స్పీకర్‌లో పెడితే, పిల్ల చేత ఆ లెక్క చేయించేవాళ్లు. ఎస్సెమ్మెస్ మాత్రమే అందినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాల్ కూడా వెళ్లినవాళ్లు బాగుపడ్డారు. 2022లో అచ్చయింది. తర్వాత ఇండియా, నేపాల్, కెన్యా, ఉగాండా, ఫిలిప్పీన్స్‌లోనూ ఇదే పద్ధతి చేసి చూశారు. నెట్ అక్కర్లేదు, బటన్ ఫోన్ చాలు. మీ వర్క్‌షీట్లు ఎందుకు తేలిపోయాయో అందులోనే ఉంది: పంపారు గానీ తిరిగి అడగలేదు.

వీడియోల సంగతి. 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల సైటు కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణలు పరిశీలిస్తే, వీడియో ఎంత పొడుగున్నా జనం ఆరు నిమిషాలు మించి ఉండటం కష్టమని తేలింది. వాళ్లు ఇష్టపడి చేరిన పెద్దవాళ్లు. మీవాళ్లు కోతల నుంచి వచ్చిన పదమూడేళ్ల పిల్లలు. నాలుగు నిమిషాలు తక్కువేం కాదు, సార్‌కి చెప్పండి.

అసలు చిక్కు ఇంకోచోట ఉందనుకుంటున్నా. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ కార్యక్రమం మీద 619 మంది పిల్లలతో ఒక అధ్యయనం జరిగింది, 2019లో వచ్చింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని ముందే తేలింది. ఆ సాఫ్ట్‌వేర్ ఏ తరగతి పిల్లాణ్ణైనా వాడు ఉన్న చోటు నుంచే మొదలుపెట్టిస్తుంది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో మంచి తేడా వచ్చింది. సగం సమయం సాఫ్ట్‌వేర్, సగం సమయం మనిషి చెప్పిన చిన్న గుంపు పాఠం అని మర్చిపోకూడదు. పల్లె పిల్లల చదువు, లెక్కలు ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వేలో, 2024లో గ్రామాల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో సగం మందికి కూడా మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం రాలేదు. ఆ పదకొండు మందికి x తెలియక కాదేమో మేడం. 12ని 3తో భాగించాలన్న చోటే ఆగిపోయారేమో. అడిగి చూడండి.

ఆటో నాన్న:

టీచరమ్మా, నేను చదువుకోలేదు, మా అబ్బాయి టైప్ చేస్తున్నాడు. మాది పెదనందిపాడు దగ్గర. మీరు ఏడింటికి క్లాసు పెడితే ఫోన్ మా దగ్గర ఉంటది. ఆటోకి పిలుపులొచ్చేది ఆ టైమ్‌లోనే, ఫోన్‌పేలో డబ్బులొచ్చేదీ అప్పుడే. ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర, అప్పటికి ఛార్జింగ్ ఉండదు. పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా మాత్రం ఫోన్ గోడకే వేలాడుతుంటది, పిల్లలూ లేచి ఉంటారు, చేలోకి బండి వచ్చేది ఆ తర్వాతే. అప్పుడు చేయండి. ఇంకో మాట. మా ఇంట్లో అమ్మాయి ఉంది, అబ్బాయి ఉన్నాడు. ఫోన్ ఎవడి చేతికి పోతదో మీకు తెలుసుగా. అమ్మాయి పేరు పెట్టి అడగండి, అప్పుడు ఇవ్వక తప్పదు.

(ఈ చివరి మాట నాన్న చెప్పింది కాదు, టైప్ చేస్తున్న నేను రాసింది. ఫోన్ తీసుకునేది నేనే.)

పద్దెనిమిదేళ్ల సర్వీసున్న ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ (విజయవాడ):

మేడం మంచివారు, అందుకే కాస్త కటువుగా చెబుతా. 34 మందికి ఇరవై నిమిషాల చొప్పున అంటే 680 నిమిషాలు. వారానికి పదకొండు గంటల ఇరవై నిమిషాలు. హాజరు యాప్, భోజనం యాప్, ఇంకో యాప్, వాటి మధ్యలో ఇది ఎవరు చేస్తారు? జీతం పెంచుతారా?

పరికరాలు పంచితే చదువొస్తుందన్న భ్రమా నాకు లేదు. పెరూలో మూడొందలకి పైగా పల్లె బడుల్లో పిల్లకో ల్యాప్‌టాప్ లెక్కన ఇచ్చి పదిహేను నెలల తర్వాత పరీక్ష పెడితే లెక్కల్లో, భాషలో ఏ తేడా లేదట. కరోనాలో మన సప్తగిరి ఛానల్లో విద్యామృతం, విద్యావారధి పాఠాలు వచ్చాయి, ఎవరినీ తప్పుపట్టను, బాగానే చెప్పారు. మా వీధిలో పిల్లలు టీవీ ముందు కూర్చున్నారు, అయిపోయింది, లేచారు. ఏం అర్థమైందని అడిగిన మనిషి లేడు.

నంబూరు స్కాలర్:

సార్ చెప్పింది ఒప్పుకుంటా, పెరూ ఫలితం నిజమే. దానికి గుజరాత్ సంగతి ఒకటి కలుపుతా. అక్కడ జ్ఞాన్‌శాల అనే స్వచ్ఛంద సంస్థ బడుల్లో కంప్యూటర్ పాఠాన్ని బడి వేళలో టీచర్ పాఠం బదులు పెడితే పిల్లలు వెనకబడ్డారు. అదే కంప్యూటర్‌ని బడి అయ్యాక అదనంగా పెడితే ముందుకెళ్లారు. అంటే మేడం ఫోన్‌లో చేసేది బడికి బదులు కాకూడదు, పైన కలవాలి.

34 మందికి అక్కర్లేదు సార్. కోతలకి పోయే 12 మందికి పది నిమిషాల చొప్పున చేస్తే రెండు గంటలు, రోజుకి ఇద్దరు. ఆ పది నిమిషాల్లో పాఠం చెప్పొద్దు మేడం, అడగండి. చదివింది మళ్లీ చదివినదానికంటే, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నది వారం తర్వాత ఎక్కువ మిగులుతుందని 2006లో అమెరికాలో చేసిన పరీక్షల్లో తేలింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే మెరుగ్గా చెప్పారు. వారం తర్వాత తిరగబడింది. అందుకే కిందటి కాల్‌లో చేసిన లెక్కే ఈ కాల్‌లో మొదట అడగండి.

లెక్కల టీచర్ (గుంటూరు):

మూడు వారాలైంది, చెప్పి పోదామని వచ్చా.

వీడియోలు ఆపేశా. స్టాండు మా అమ్మాయి డాన్సులకి వాడుకుంటోంది. పొద్దున ఐదూ నలభై నుంచి రోజూ ఇద్దరు. మొదటి వారం తల్లులు భయపడ్డారు. పొద్దున్నే టీచర్ ఫోన్ అంటే బడిలో ఏదో జరిగిందనుకున్నారు. ఒకావిడైతే "మావాడేం చేశాడమ్మా" అని ఏడుపు గొంతుతో మొదలుపెట్టింది. ఇప్పుడు "ఆగండి, స్పీకరేస్తా" అంటున్నారు.

స్కాలర్ గారు చెప్పిందే నిజం. అందరికీ ఒకటే లెక్క ఇచ్చా, 84ని 6తో భాగించమని. 12 మందిలో దొరికింది తొమ్మిది మంది. వాళ్లలో సరిగ్గా చేసింది ఇద్దరు. ఒకడు 8లో 6 ఒకసారి పోయింది అని ఆగి, మిగిలిన 2ని ఏం చేయాలో తెలియక వదిలేశాడు. నేను నెల నుంచి వీళ్లకి సమీకరణాలు చెబుతున్నా! సిలబస్ పక్కన పెట్టా. టిక్కీల (మిరప బస్తాల) లెక్కలే అడుగుతున్నా: కిలోకి ఇంత కూలి, ఇన్ని కిలోలు కోశారు, నలుగురికి పంచితే ఎంత? ఇది మాత్రం నోటితో టకటకా చెబుతున్నారు. అదే కాగితం మీద గీత గీసి రాయమంటే తడబాటు. నోటి లెక్కకీ రాత లెక్కకీ మధ్య ఉన్న ఆ గట్టు దాటించడమే ఇప్పుడు నా పని. ఒక పిల్లాడు నిన్న 2 పక్కన 4ని దించాలని తనంతట తనే చెప్పాడు.

ఎస్జీటీ గారూ, అలసట సంగతి మీరన్నది అబద్ధం కాదు. గురువారం నేనే నిద్రపోయా, ఇద్దరికీ చేయలేదు. ఒకావిడ ఆరింటికి మిస్డ్ కాల్ ఇచ్చింది.

టైప్ చేసిన అబ్బాయికి థాంక్స్. పేరు పెట్టి అడుగుతున్నా.

దొరకని ముగ్గురిలో ఇద్దరి కుటుంబాలు మేడికొండూరు వైపు కోతలకి మకాం మార్చాయట, నంబర్లు కలవడం లేదు. మూడో ఇంటి ఫోన్‌లో రీఛార్జి అయిపోయినట్టుంది. ఆదివారం ఆ ఇంటికి వెళ్తున్నా.